పక్క చూపు

"కన్ను మూశారు డాక్టర్ గారూ."

చెక్కగోడకు అవతలి నుంచి టెక్నీషియన్ అమ్మాయి గొంతు ఎంత మామూలుగా వచ్చిందంటే, బయట బెంచీ మీద కూర్చున్న కాజాలమ్మకు ముందు ఆ మామూలుతనమే వినపడింది, మాట ఆ తర్వాత వినపడింది. ఆ గోడ పైకప్పు దాకా లేదు, మనిషెత్తు దాటి కాస్త లేచి ఆగిపోయింది, అందుకని లోపలి మాటలన్నీ ఇందాకటి నుంచీ బయటికి వస్తూనే ఉన్నాయి. లేజరు మిషను టిక్కు టిక్కుమంటోంది, మోటారు వేసిన కుట్టుమిషను మందగుడ్డ మీద నిదానంగా నడిచినట్టు, ఆ చప్పుడు వింటూ వింటూ ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది కూడా. ఇప్పుడది ఆగిపోయింది. స్పీకరులోంచి డాక్టరు గొంతు, ఎక్కడో పెద్ద ఊళ్ళో ఇంకో గదిలో కూర్చున్న డాక్టరు గొంతు, "అయ్యో, అప్పుడేనా? ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే అయిపోయేదే" అంది. కాసేపాగి, "సరే, ఏం చేస్తాం, ఆపేయండి" అంది. గరగరమని ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కన్ను మూశారు. ఎవరు మూశారు? లోపలికి వెళ్ళింది వదిన ఒక్కతే కదా, ఆ తలుపులోంచి ఇంకో ప్రాణి వెళ్ళలేదు కదా, ఇందాకేగా ఆ సంచి ఇటు పడేసి, "జాగ్రత్తే అమ్మాయీ, అందులో నా కళ్ళజోడుంది, మీద కూర్చునేవు" అని పోయింది. అరవయ్యో పడిలో పడ్డ ఆడపడుచును ఇంకా అమ్మాయీ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఊరందరికీ ఈవిడ కాజాలమ్మ, వదిన కత్తిరించి కుట్టిన చొక్కాలకూ కోట్లకూ కాజాలు తీసి గుండీలు కుట్టడం ఈవిడ పని, ఆ పేరే స్థిరపడిపోయింది, అసలు పేరు పింఛను ఆఫీసు వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. కాజాలమ్మ లేవాలనుకుంది. లేవలేదు. కాళ్ళ ముందు నల్ల రాళ్ళ నేల, దాని మీద ఎవరో తుడిచి ఆరీ ఆరకుండా వదిలేసిన తడి, ఆ తడిలో తలుపు పైనున్న ఎర్రబల్బు, లోపల పని జరుగుతోంది ఎవరూ రావొద్దని వెలిగే బల్బు, ఇంకా వెలుగుతూనే ఉంది. పని ఆగిపోతే అది ఆరిపోవాలి కదా. ఏమో, మనిషి పోతే ముందు బల్బు గుర్తొస్తుందా ఎవరికైనా?

ఇలాంటి బెంచీ ఇదివరకోటి ఉండేది. అది పెద్ద ఆసుపత్రి, గోడలు పచ్చగా ఉండేవి, అన్నయ్య లోపల ముక్కుకు గొట్టంతో, వీళ్ళిద్దరూ బయట. వదిన మందులకని కిందికి వెళ్ళింది. నర్సు బయటికొచ్చి, ఎంత మర్యాద గల మనిషో, గొంతు తగ్గించి, "మీ అన్నయ్యగారు కన్ను మూశారండీ" అంది. అన్నయ్య అప్పటికి మూడు రాత్రులుగా నిద్రలేక అల్లాడుతున్నాడు, కాజాలమ్మా అంతే, మొద్దుబారిపోయిన బుర్రతో, "హమ్మయ్య, కన్ను మూశాడా తల్లీ, పడుకోనివ్వండి పాపం, లేపకండి" అంది. నర్సు ముఖం చూసి కూడా అర్థం కాలేదు. వదిన మెట్లెక్కి వస్తుంటే ఎదురెళ్ళి, నోటిమీద వేలేసుకుని మరీ, "వదినా, అన్నయ్య నిద్రపోయాడు, చప్పుడు చేయకు" అని చెప్పింది. వదిన నర్సు వైపు చూసింది. ఒక్కసారే చూసింది. మందుల పొట్లం బెంచీ మీద పెట్టి, కాజాలమ్మ తల తన పొట్టకేసి పట్టుకుని, "అవునే, నిద్రపోయాడు" అంది. తన మొగుడు పోయాడని తెలిసిన క్షణంలో ఆ మనిషి ఏడవలేదు, ఆడపడుచుకు అర్థమయ్యేదాకా ఆగింది, ఆ తర్వాత ఏడ్చింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, పోట్లాటల్లో ఎన్ని తిట్టినా అది మాత్రం తియ్యలేదు. అప్పుడు ఆ మాట తెలియక మోసపోయాను, ఇప్పుడు తెలుసు, ఇంకోసారి మోసపోతానా? కన్ను మూశారు అంటే ఏమిటో కాజాలమ్మకు తెలియదని ఎవరన్నా అంటే వాళ్ళ నోట్లో మన్ను పడ.

కానీ కంటి వైద్యంలో మనుషులు పోతారా? పోరు. పోరు కదా? పొద్దున ఆ డాక్టరు తెరమీద కనపడి ఎంత నెమ్మదిగా చెప్పాడు! వెనకాల ఆయన కిటికీకి వాన కొడుతోంది, ఇక్కడేమో ఎండ మండిపోతోంది. ఆ వానలో ఉన్నాయన ఈ ఎండలో ఉన్న మనిషి కంట్లోకి మంట ఎలా పంపుతాడు? పక్క వీధికి ఫోను చేస్తేనే హలో హలో అని గొంతు చించుకోవాలి, సగం మాటలో తెగిపోతుంది, మరి సగం కాలిన కంట్లో తెగిపోతేనో? అడిగింది కూడా. టెక్నీషియన్ అమ్మాయి నవ్వి, లైను తెగితే మిషను దానంతటదే ఆగిపోతుందమ్మా, డాక్టరు గారు కంటి ఫొటో మీద ఎక్కడ గుర్తు పెడితే అక్కడే పడుతుంది, పక్కన నేనుంటాను అంది. షుగరు వల్ల కంటి వెనక పొరలో పిచ్చి రక్తనాళాలు పుట్టాయట, అవి చిట్లితే కుడికన్ను కూడా పోతుందట, అందుకని పొర అంచుల్ని కాల్చి నడుమను కాపాడాలట. కాలుస్తారా అని కాజాలమ్మ నోరు తెరిచేసింది. వదిన మాత్రం ముందుకు వంగి, తెరలో ఉన్న మనిషి పక్క కుర్చీలోనే ఉన్నట్టు, "నైలాను రిబ్బను కొస పీచులేవకుండా అగ్గిపుల్లతో అంటిస్తాం, అలాగా?" అంది. డాక్టరు నవ్వేసి, అలాగే అనుకోండి అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడుతుంది, చీకట్లో కాస్త తడబాటు ఉంటుంది, పక్క చూపు కూడా కొంత తగ్గుతుంది అన్నాడు. "తగ్గితే తగ్గనివ్వండి, ఈ వయసులో పక్కచూపులు నాకెందుకు" అంది వదిన, అందరూ నవ్వారు, తెరలో వాన కూడా నవ్వినట్టే అయింది. అలా నవ్విన మనిషి ఎలా పోతుంది? భయపడిందేమో. భయం బయట పెట్టే రకం కాదు, లోపల గడ్డాన్ని మిషను ముందున్న గిన్నెలో పెట్టించి నుదుటికి పట్టీ బిగించేసరికి గుండె ఆగిపోయిందేమో. షుగరున్న వాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండా వస్తుందని ఎవరో అన్నారు, ఎవరన్నారు, ఎందుకన్నారు, ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు! ఆసుపత్రి ఏసీకి భయపడి తొడుక్కొచ్చిన స్వెట్టరు పై గుండీని ఆమె వేళ్ళు తిప్పుతున్నాయి, ఇటు తిప్పి అటు తిప్పి, ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఎవరూ బయటికి రారేం? వచ్చి చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నారు కాబోలు. నర్సు కూడా తలుపు దగ్గర అలాగే కాస్త నిలబడింది. రాకండి, రాకండి తల్లీ, మీరు రానంతసేపూ వదిన ఉంది. కాజాలమ్మకు ఏడుపు రావడం లేదు, ఒళ్ళంతా నిలువునా కొయ్యబారిపోయింది, చెవుల్లో ఒకటే హోరు, ఆ హోరులో కొట్టు కనపడుతోంది. అద్దాల కిటికీ, దానికెదురుగా రెండు మిషన్లు, వెలుతురు కోసం రెండూ వీధి వైపే, పక్కపక్కనే. కుడివైపు వదిన, ఎడమవైపు తను. సూది మీదినుంచి చూపు తియ్యకుండానే మాట్లాడుకోవడం, సూది మీదినుంచి చూపు తియ్యకుండానే తిట్టుకోవడం. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, నువ్వు అర్ధం కాదే అమ్మాయీ, మీ అన్నయ్య పోయాక పూర్తి మొగుడివైపోయావు అనేది వదిన, బాబిన్‌కు దారం చుడుతూ. ఈ కళ్ళ సంగతి బయటపడ్డ రోజు వదిన సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎప్పుడూ ఎడమకన్ను మూసి కుడికంటితో చూసి ఎక్కిస్తుంది, అది అలవాటు, దర్జీల కళ్ళకు కూడా కుడి ఎడమల పని వేరు. ఆవేళ ఉన్ని కోటు విప్పుతుంటే నలుసు లేచి కుడికంట్లో పడింది, సరే ఎడమకంటితో చూద్దామని కుడికన్ను మూసింది. మూసి, సూదిని కాసేపు అలా గాలిలో పట్టుకుని, "ఎవరే లైటు తీసింది?" అంది. లైటెందుకు, పట్టపగలు. "లైటెవరు తీశారు వదినా, ఎండ నీ మొహం మీదే ఉంది" అంది కాజాలమ్మ. వదిన నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. కుడికన్ను తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది, చేతిలో సూది కిందపడితే వెతుక్కోలేదు. కిందపడ్డ సూదిని వదిలేసిన వదినను కాజాలమ్మ అదే మొదటిసారి చూడటం.

ఎడమకన్ను వెనక పొర ఊడి చాలా కాలమైంది, దానికిక చేసేదేమీ లేదు, మీకింతకాలం తెలియలేదా అని అడిగాడు ఆ డాక్టరు. ఒక కన్ను రెండు కళ్ళ పని చేస్తుంటే ఏం తెలుస్తుంది? అప్పుడు ఎవరికీ తట్టలేదు, ఇప్పుడు, ఈ బెంచీ మీద, మనిషి ఉందో లేదో తెలియని ఈ క్షణంలో తడుతోంది కాజాలమ్మకు, తట్టి మళ్ళీ కొత్తగా అదిరిపడింది. ఎడమ. ఎడమ పక్కన కూర్చునేది ఎవరు? నేను. నేనే కదా. కొట్టులో కుడుతున్న తెల్లగౌను మీద టీ ఒలికిన రోజు, గ్లాసు ఎంతసేపు చాచి పట్టుకున్నాను, తీసుకోలేదు, తీసుకోకపోగా మోచేత్తో తోసేసింది, గౌనంతా పాడైంది, చూసీ చూడనట్టు నటిస్తావా అని ఎగిరాను. "నేను నీ కంటికి ఆనడం లేదులే" అన్నాను. "నీకు కళ్ళు నెత్తికెక్కాయి" అన్నాను. వదిన ఏమంది? తడిసిన గౌను చేతిలో పట్టుకుని ఆశ్చర్యంగా గ్లాసు వంక చూసింది, అది ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అన్నట్టు. నిజంగానే అది ఆమెకు ఎక్కణ్ణుంచో ఊడిపడింది. నిజంగానే నేను ఆమె కంటికి ఆనలేదు. మూతి విరిచాను, మొహం తిప్పుకున్నాను, నెలల తరబడి ముభావంగా ఉండి సాధించాననుకున్నాను, అయ్యో నా తల్లీ, ఆ విరుపులన్నీ ఎవరు చూశారు! ఆ పక్కనంతా ఆమెకు చీకటే. ఆ చీకట్లో కూర్చుని నేను అలిగాను.

ఇప్పుడేం చెయ్యాలి? కొట్టు తాళం ఏ సంచిలో ఉంది? టేబులు మీద కోటు సగం కత్తిరించి ఉంది, చెయ్యి ముక్క ఒకటి కత్తిరించింది, రెండోది సుద్దతో గీసి వదిలేసింది, వచ్చి కోస్తానంది. ఆ గీత మీద కత్తెర ఎవరు పెడతారు? నాకు కాజాలు తప్ప ఏం వచ్చు? కాజా అంటే గుడ్డలో కోసే చిన్న చీలిక, కోటు ఉంటేనే కాజా, వదిన ఉంటేనే నేను. ఇంటికెళ్ళి ఎవరితో పోట్లాడను? టీలో పంచదార దొంగతనంగా వేసుకుంటే ఎవరి చేతి మీద కొట్టను? వద్దు వదినా. ఆ కన్ను కూడా పోతే పోయింది, చూపు మొత్తం పోనీ, చెయ్యి పట్టుకుని తిప్పుతాను, సూదులు నేనే ఎక్కిస్తాను, నువ్వు మాత్రం ఉండు. పొద్దుటి నుంచీ ఆ కన్ను నిలబెట్టు దేవుడా అని మొక్కుకుంటున్న నోటితోనే, కన్ను తీసుకో మనిషినివ్వు అని మొక్కింది కాజాలమ్మ, బేరమాడినట్టే మొక్కింది. పుటుక్కున ఏదో తెగింది. ఏం తెగిందో చూసుకోలేదు, పిడికిట్లోకి వచ్చిందేదో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"మూయక ఏం చెయ్యమంటావే పిల్లా! సూర్యుణ్ణి పట్టుకొచ్చి కంట్లో పెడితే గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలా?"

గోడ మీదుగా వచ్చింది ఆ మాట. కాజాలమ్మ నోరు తెరుచుకుంది, మూత పడలేదు. అది వదిన గొంతే, ఆ దబాయింపు ఇంకెవరికీ రాదు. టెక్నీషియన్ అమ్మాయి ఏదో బతిమాలుతోంది, మళ్ళీ గరగరమంది, డాక్టరు గొంతు దూరపు వానతో సహా తిరిగి వచ్చి, "లైను తెగిందమ్మా, క్షమించాలి, ఎక్కడిదాకా వచ్చాం?" అంది. "సగం రిబ్బను అంటించారు" అంది వదిన. టిక్కు టిక్కు మళ్ళీ మొదలైంది. పోలేదు. వదిన పోలేదు. కాజాలమ్మ ఒళ్ళంతా ఒక్కసారి సడలింది, చావు కబురు విన్నప్పుడు రాని ఏడుపు బతుకు కబురు వినగానే ముంచుకొచ్చింది. చుక్కల మందు సీసా కోసం ఆ అమ్మాయి బయటికి వస్తే చెయ్యి పట్టేసుకుంది.

"కన్ను మూశారన్నావేమ్మా?"

"అవునమ్మా, వెలుగుకు తట్టుకోలేక గట్టిగా మూసేసుకున్నారు, అందుకే..." అని ఆ అమ్మాయి ఆగి, కాజాలమ్మ మొహం చూసి, నాలుక కరుచుకుంది. "అయ్యో అయ్యో! నేనన్నది ఆ మూయడం కాదండీ!"

"రెప్ప వేశారు అనమ్మా. నీకు పుణ్యముంటుంది, ఇంకెప్పుడూ రెప్ప వేశారనే అను. బయట మనుషులుంటారు."

ఎర్రబల్బు ఆరేసరికి ఎండ కిటికీ దాటి బెంచీ కాళ్ళ దగ్గరికి వచ్చింది. వదిన తలుపు పట్టుకుని నిలబడింది. మందు వల్ల కంటిపాప నల్లగా పెద్దగా తెరుచుకుని ఉంది, అంత పెద్ద కన్నుతో ఏమీ దొరకనట్టు అటూ ఇటూ చూస్తోంది. "అమ్మాయీ?" అని ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని పిలిచింది. కాజాలమ్మ అలవాటు కొద్దీ వెళ్ళి ఎడమ పక్కన నిలబడి, "ఇక్కడే ఉన్నా వదినా" అంది. వదిన ఉలిక్కిపడి తలంతా తిప్పింది, ఇంకా సరిపోక భుజాలు కూడా తిప్పింది.

"పక్కన నిలబడకే. ఎదురుగా రా."

ఎదురుగా వచ్చింది. వదినను బెంచీ మీద కూర్చోబెట్టి, తను కుర్చీ లాక్కుని మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చుంది. అంతా పచ్చపచ్చగా ఉందే, తగ్గుతుందట, కాసేపు ఆగమన్నాడు అంది వదిన. ఆగారు. ఇద్దరూ ఇలా ఎదురెదురుగా కూర్చుని ఎన్నాళ్ళయింది? వదిన ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉన్న సంగతే కాజాలమ్మ మర్చిపోయింది, కనుబొమలు ఎప్పుడు తెల్లబడ్డాయో తెలియదు. వదిన కూడా కళ్ళు చికిలించి, వంగి, మళ్ళీ వెనక్కి వాలి, దూరపు బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కునే మనిషిలా చూస్తూ ఉంది. కనపడుతోందా?

"నీ పై గుండీ ఏదే?"

కాజాలమ్మ పిడికిలి విప్పింది. అరచేతిలో గుండీ, దానితో పాటు దారం ముక్క, గట్టిగా పట్టుకున్నందుకు చర్మం మీద పడ్డ గుండ్రటి గుర్తు.

"లోకానికంతా గుండీలు కుట్టే మనిషివి, నీదే పీక్కున్నావా?" అని వదిన నవ్వబోయి, ఆ కళ్ళ వంక చూసి ఆగింది. "ఏడ్చావా? ఎందుకే, నేనేం పోయానా?"

"పోయావనే అనుకున్నా వదినా. కన్ను మూశారంది ఆ పిల్ల. ఈసారి నిద్రనుకోలేదు నేను."

ఆ పాత బెంచీ, ఆ పచ్చగోడలు వదినకూ గుర్తొచ్చాయి, ఆ సంగతి మొహం మీదే కనపడింది, ఎదురుగా ఉంది కాబట్టి కనపడింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, కొట్టులో పని పురమాయించే గొంతుతో అంది.

"ఇంటికెళ్ళగానే మిషన్లు జరపాలి. నీది తెచ్చి నా ఎదురుగా వెయ్యి. వెలుతురు ఎవరి వీపున పడితే పడింది. పక్కన కూర్చుంటే నువ్వు ఉన్నావో పోయావో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

అని, గుండీ ఇటివ్వమన్నట్టు చెయ్యి చాపింది. చెయ్యి తిన్నగా గుండీ దగ్గరికే వచ్చింది.